మానవజాతి పొరపాటున అంతమయ్యే దాకా వెళ్ళిన సందర్భాలు: ఒక అలారం ఇంజనీరు జవాబు

మీరు అడిగింది ఇది: కావాలని కాకుండా పొరపాటున, ఎవరో తీసుకున్న ఒక నిర్ణయం వల్ల మొత్తం మనుషులే తుడిచిపెట్టుకుపోయే పరిస్థితి నిజంగా ఎప్పుడైనా వచ్చిందా, లేక ఇదంతా యూట్యూబ్ హడావుడా? వస్తే ఎవరు ఆపారు, ఇప్పుడు కూడా అలా జరగొచ్చా?

వచ్చింది, అదీ ఒకసారి కాదు. కాకపోతే నెట్‌లో తిరిగే లిస్టుల్లో సగం ఆ కోవలోకి రావు, మిగతా సగంలో కూడా కథని ఎవరో ఒక హీరో మీదకి తోసేస్తారు. నేను చరిత్రకారుణ్ణి కాదు. ఇరవై ఏళ్ళకి పైగా కంట్రోల్ రూముల్లో అలారం వ్యవస్థలు పెట్టడం, చెడిపోతే బాగుచెయ్యడం, తప్పుగా మోగినప్పుడు తిట్లు తినడం నా పని. ఈ సంఘటనల గురించి చదవడం మొదలుపెట్టింది కూడా అందుకే, చాలావాటిలో తప్పు చేసింది నాకు రోజూ కనిపించే సామానే.

ముందు లిస్టులోంచి తీసెయ్యాల్సినవి. 1961 జనవరి 24న అమెరికాలో గోల్డ్స్‌బరో అనే ఊరి దగ్గర బి-52 విమానం గాల్లో విరిగిపోయి రెండు హైడ్రోజన్ బాంబులు కింద పడ్డాయి, ఒక్కోటీ 3.8 మెగాటన్నులు, అంటే 38 లక్షల టన్నుల టీఎన్‌టీ పేలుడు పదార్థంతో సమానం. అందులో ఒకటి పేలడానికి కావాల్సిన మెట్లు దాదాపు అన్నీ దాటేసింది, చివరికి ఒక మామూలు స్విచ్ ఆపింది. ఘోరమే, పేలితే లక్షల మంది బతుకులు పోయేవి. కానీ సొంత దేశంలో సొంత బాంబు పేలితే ప్రపంచం అంతం కాదు. నేను చూసేది మూడే: తప్పుడు కబురు వచ్చిందా, దాన్ని నమ్మితే అవతలివాడు తిరిగి కొట్టే ఏర్పాటు ఉందా, మధ్యలో ఆలోచించుకోడానికి ఎన్ని నిమిషాలున్నాయి. ఈ మూడూ కలిసినప్పుడే భయపడాలి.

ఆ లెక్కన అన్నిటికంటే దగ్గరికి వెళ్ళిన రోజు 1962 అక్టోబర్ 27, శనివారం. క్యూబా సంక్షోభం, అంటే సోవియట్ వాళ్ళు క్యూబాలో అణు క్షిపణులు పెట్టినందుకు అమెరికాతో యుద్ధం అంచుదాకా వెళ్ళిన గొడవ. సోవియట్ ఉత్తర నౌకాదళం నాలుగు డీజిల్ సబ్‌మెరైన్లని క్యూబా వైపు పంపింది, ఒక్కోదాంట్లో మామూలు టార్పెడోలతో పాటు ఒక అణు టార్పెడో. అది ఉన్నట్టు అమెరికన్లకి తెలీదు. బి-59 అనే సబ్‌మెరైన్‌ని అమెరికన్ డిస్ట్రాయర్లు చుట్టుముట్టి, పైకి రమ్మని సైగ చెయ్యడానికి చిన్న చిన్న ప్రాక్టీస్ బాంబులు నీళ్ళలోకి వెయ్యడం మొదలుపెట్టాయి. ఇలా వేస్తాం, కంగారు పడొద్దు అని అమెరికా మాస్కోకి ముందే చెప్పింది. ఆ కబురు సబ్‌మెరైన్ కెప్టెన్లకి చేరలేదు.

లోపల పరిస్థితి చూడండి. చల్లటి ఉత్తర సముద్రాల కోసం కట్టిన సబ్‌మెరైన్ వెచ్చటి నీళ్ళలో రోజుల తరబడి ఉంది. 45 డిగ్రీలు దాటిన వేడి, ఇంజన్ వైపు ఇంకా ఎక్కువ. మనిషికి రోజుకి ఒక గ్లాసు నీళ్ళు. బ్యాటరీ అడుగంటింది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి డ్యూటీలో ఉన్నవాళ్ళు ఉన్నచోటే కూలిపోతున్నారు. మాస్కోతో సంబంధం లేదు, పైన యుద్ధం మొదలైందో లేదో తెలీదు. ఇనప పీపాలో కూర్చుంటే బయట ఎవరో సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు. ఆ స్థితిలో కెప్టెన్ వాలెంటిన్ సవిత్స్కీకి తిక్క రేగి అణు టార్పెడో సిద్ధం చెయ్యమన్నాడనీ, అదే సబ్‌మెరైన్‌లో ఉన్న బ్రిగేడ్ చీఫ్ ఆఫ్ స్టాఫ్ వాసిలీ అర్ఖిపోవ్ ఒప్పుకోలేదనీ ఆ ఓడలోనే ఉన్న వదిమ్ ఓర్లోవ్ చెప్పాడు. 2002లో ఇది బయటికొచ్చాక "ముగ్గురు ఓటేశారు, ఒక్కడు వద్దన్నాడు" అన్న వెర్షన్ ప్రపంచమంతా పాకింది.

అర్ఖిపోవ్ స్వయంగా అంతకుముందు 1997లో చెప్పింది వేరు, నాకు అదే ఎక్కువ నమ్మబుద్ధేస్తుంది, ఎందుకంటే అందులో నాటకం తక్కువ. ఆయన చెప్పిన ప్రకారం గండం వచ్చింది నీళ్ళ కింద కాదు, పైకి వచ్చాక. చీకట్లో సబ్‌మెరైన్ పైకి తేలగానే అమెరికన్ విమానాలు ఫోటోల కోసమో బెదిరించడానికో దగ్గరగా వచ్చి కళ్ళు చెదిరే వెలుగులు, పేలుళ్ళు కురిపించాయి. తరవాత చరిత్రకారులు కూర్చిన కథనం ప్రకారం, పైన నిలబడ్డ సవిత్స్కీ దాడి మొదలైందనే అనుకుని వెంటనే మునగండి, టార్పెడో సిద్ధం చెయ్యండి అని ఆర్డరేసి కిందకి దిగబోయాడు. దిగే దారి ఇరుకు గొట్టం, అందులో సిగ్నల్ ఇచ్చే మనిషి తన సెర్చ్‌లైట్‌తో సహా ఇరుక్కుపోయాడు. కెప్టెన్ కిందకి దిగలేకపోయాడు. ఆ కాస్త సేపట్లో, ఇంకా పైనే ఉన్న అర్ఖిపోవ్, అమెరికన్ ఓడ లైటుతో క్షమాపణ సిగ్నల్ ఇస్తుండటం గమనించి కెప్టెన్‌ని ఆపాడు.

అర్ఖిపోవ్ గొప్పతనం తగ్గించడం లేదు. 1961 జులైలో కె-19 అనే సబ్‌మెరైన్‌లో రియాక్టర్ చల్లబరిచే గొట్టం పగిలినప్పుడు ఆయన అందులో ఉన్నాడు, రిపేరుకి లోపలికెళ్ళిన ఎనిమిది మంది కొన్ని వారాల్లోనే పోయారు, అలాంటిది చూసిన మనిషి రేడియేషన్‌ని తేలిగ్గా తీసుకోడు. కానీ ఆయన ఆ నాలుగింటిలో ఈ సబ్‌మెరైన్‌లోనే ఎక్కి ఉండటం, ఆ లైటు ఆ గొట్టంలో ఇరుక్కోవడం ఎవరూ ప్లాన్ చేసినవి కావు. ఏ డ్రాయింగులోనూ లేని రక్షణ అది.

అదే రోజు ఇంకో రెండు జరిగాయి. క్యూబా మీద అమెరికన్ యూ-2 గూఢచారి విమానాన్ని కూల్చేశారు, పైలట్ రుడాల్ఫ్ ఆండర్సన్ చనిపోయాడు. దానికి వేల కిలోమీటర్ల దూరంలో, సంక్షోభంతో ఏ సంబంధం లేని ఇంకో యూ-2, సోవియట్ అణు పరీక్షల ధూళి పట్టుకురావడానికి అలాస్కా నుంచి ఉత్తర ధ్రువానికి వెళ్ళింది. పైలట్ చార్లెస్ మాల్ట్స్‌బీ నక్షత్రాలు చూసి దారి పట్టాలి, ధ్రువ కాంతులు ఆకాశమంతా వెలిగి చుక్కలు కనపడలేదు, దారి తప్పి నేరుగా సోవియట్ గగనతలంలోకి పోయాడు. రేడియోలో రష్యన్ సంగీతం వినపడ్డాక గానీ ఎక్కడున్నాడో అర్థం కాలేదు. మనం గొల్లకావడి అనుకునే ఆ మూడు చుక్కల ఆధారంగా రేడియోలో దారి చెప్పి వెనక్కి రప్పించారు, ఇంధనం అయిపోయి గ్లైడర్‌లా జారుతూ దిగాడు. ఆయన్ని పట్టుకోడానికి సోవియట్ మిగ్‌లు లేచాయి, కాపాడటానికి అమెరికన్ ఎఫ్-102 ఫైటర్లు లేచాయి. అలర్ట్ స్థాయి పెంచినందువల్ల ఆ ఎఫ్-102లకి తగిలించినవి అణు క్షిపణులు. ఏ బాంబరో వస్తోందని సోవియట్ వాళ్ళు అనుకుని ఉంటే తప్పు పట్టడానికేం లేదు.

ఆ వారంలోనే నాకు వృత్తిపరంగా చాలా ఇష్టమైన సంఘటన ఇంకోటి ఉంది. అక్టోబర్ 25 రాత్రి, డులూత్ అనే చోట సైనిక స్థావరం కంచె ఎక్కుతున్న ఒక ఆకారాన్ని చూసి కాపలావాడు కాల్చి, చొరబాటు అలారం నొక్కాడు. అలారం చుట్టుపక్కల స్థావరాలన్నిట్లో మోగేలా కట్టి ఉంది. విస్కాన్సిన్‌లో వోల్క్ ఫీల్డ్ అనే చోట మాత్రం వైరింగ్ తప్పు, చొరబాటు గంట మోగాల్సిన చోట యుద్ధానికి లేవండి అనే గంట మోగింది. సంక్షోభం ఉన్నంతకాలం ప్రాక్టీస్ ఉండదని పైలట్లకి ముందే చెప్పారు కాబట్టి వాళ్ళకి అనుమానం రావడానికి కారణమే లేదు, అణ్వాయుధాలున్న విమానాలెక్కి రన్‌వే మీదకి కదిలారు. కంట్రోల్ సెంటర్ నుంచి ఒకాయన కారులో లైట్లు వెలిగించుకుంటూ ఎదురెళ్ళి ఆపాడు. ఇంతకీ కంచె ఎక్కింది ఎలుగుబంటి.

నవ్వొస్తుంది, కానీ ఆ వైరింగ్ చేసినవాడి స్థానంలో నన్ను నేను ఊహించుకుంటే నవ్వు ఆగిపోతుంది. రెండు టెర్మినళ్ళు తారుమారు. టెస్ట్ చేసేటప్పుడు "గంట మోగిందా?" "మోగింది" అని టిక్ పెట్టేసి ఉంటారు, ఏ గంట మోగిందో ఎవరూ వెళ్ళి వినలేదు. ఇది నేను కనీసం పది చోట్ల చూశాను.

1979, 1980 వి కూడా ఇదే జాతి. 1979 నవంబర్ 9న అమెరికా వైమానిక రక్షణ కేంద్రం నోరాడ్ తెరల మీద సోవియట్ భారీ దాడి కనిపించింది. శిక్షణ కోసం తయారుచేసిన దాడి దృశ్యం అసలు వ్యవస్థలోకి జొరబడింది. ఫైటర్లు లేచాయి, యుద్ధ సమయంలో అధ్యక్షుడు ఎక్కాల్సిన విమానం కూడా అధ్యక్షుడు లేకుండానే లేచింది. రాడార్ కేంద్రాలకి ఫోన్ చేసి అడిగితే అక్కడ ఏమీ లేదన్నారు. తరవాత బుద్ధొచ్చి టెస్టింగ్ కోసం విడిగా ఇంకోచోట కేంద్రం కట్టారు.

1980 జూన్ 3న తెరల మీద అంకెలు వాటంతట అవే మారడం మొదలైంది: ఒకసారి రెండు క్షిపణులు, ఇంకోసారి రెండొందలు. కారణం 46 సెంట్ల చిప్. ఎలా అంటే, లైను బతికే ఉందని తెలియడానికి ఆ కంప్యూటర్ నిరంతరం "వస్తున్న క్షిపణులు: 000" అని సందేశం పంపుతుండేది. చిప్ చెడి సున్నాల చోట రెండ్లు పడ్డాయి. ఇక్కడ చిప్‌ని తిట్టి లాభం లేదు, చిప్పులు చెడతాయి, చెడకపోతే నాకు ఉద్యోగమే ఉండేది కాదు. లైను పరీక్షించే సందేశాన్నీ యుద్ధం వచ్చిందని చెప్పే సందేశాన్నీ ఒకే అచ్చులో పోసి, దారిలో అంకె మారితే పట్టుకునే తనిఖీ సరిగ్గా పెట్టకపోవడం, అదీ మనిషి నిర్ణయం. మీ ప్రశ్నలో "నిర్ణయం" అన్న మాటకి నేను చెప్పే అర్థం ఇదే. బటన్ మీద వేలు పెట్టినవాడిది చివరి నిర్ణయం, దానికి ఏళ్ళ ముందు ఏ మీటింగులోనో తీసుకున్నది మొదటిది.

(చంద్రుడి కథ కూడా చెప్పేస్తాను. 1960 అక్టోబర్ 5న గ్రీన్‌లాండ్‌లోని థూలేలో కొత్తగా పెట్టిన రాడార్ నార్వే మీదుగా ఉదయిస్తున్న చంద్రుణ్ణి చూసి క్షిపణులొస్తున్నాయంది. అప్పుడు సోవియట్ అధినేత కృశ్చేవ్ న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి సమావేశాల్లో ఉన్నాడు. తను ఉన్న దేశం మీద తనే బాంబులెందుకు వేయించుకుంటాడు అన్న మామూలు బుద్ధి పనిచేసింది.)

ఇక సోవియట్ సైనికాధికారి స్టానిస్లావ్ పెట్రోవ్. ఈయన పేరు మీరు వినే ఉంటారు. 1983 సెప్టెంబర్ 26, అర్ధరాత్రి దాటాక, మాస్కోకి దక్షిణాన, ఉపగ్రహాలు పంపే క్షిపణి హెచ్చరికలు చూసే సెర్పుఖోవ్-15 బంకర్. అంతకు మూడు వారాల ముందే సోవియట్ ఫైటర్ కొరియా ప్రయాణికుల విమానాన్ని కూల్చింది, 269 మంది పోయారు, రెండు వైపులా నరాలు తెగే టెన్షన్. సైరన్ మోగి, ఎర్ర తెర మీద అమెరికా నుంచి ఒక క్షిపణి బయల్దేరిందని పడింది. తరవాత ఇంకోటి, ఇంకోటి, మొత్తం ఐదు. వ్యవస్థ నమ్మకస్థాయి అత్యధికం అని చూపిస్తోంది. పెట్రోవ్ ఒక చేత్తో ఫోన్, ఇంకో చేత్తో ఇంటర్‌కామ్ పట్టుకుని, ఇది తప్పుడు అలారం అని పైవాళ్ళకి రిపోర్ట్ చేశాడు. మేఘాల పైభాగం మీద పడ్డ సూర్యకాంతిని ఉపగ్రహం క్షిపణి మంటగా చూసిందని తరవాత తేలింది.

ఒక దిద్దుబాటు: ఆయన చేతిలో క్షిపణులు పేల్చే బటన్ లేదు. ఆయన పని పైకి చెప్పడం. ఆయన "నిజం" అని ఉంటే పైన ఇంకా మెట్లు ఉన్నాయి. కానీ ఆ మెట్ల మీద కూర్చున్నవాళ్ళకి నిమిషాలే ఉండేవి, అదీ ఆ నెలలో. ఆయన ఎందుకు నమ్మలేదో చూడండి: యుద్ధం మొదలెట్టేవాడు ఐదు క్షిపణులతో మొదలెట్టడు, వ్యవస్థ కొత్తది, నేల మీది రాడార్లలో ఏమీ కనపడలేదు. ఆయన స్వతహాగా ఇంజనీరు, ఆ యంత్రం ఎంత హడావుడిగా వాడకంలోకి వచ్చిందో తెలిసినవాడు. అయినా తనకి అప్పుడు సగం సగం నమ్మకమే అని తరవాత చెప్పాడు.

ఆయనకి బహుమతి రాలేదు. ఆ సమయంలో లాగ్‌బుక్ ఎందుకు రాయలేదని మందలించారు.

ఈ ముక్క చదివినప్పుడు నేను పుస్తకం మూసేసి కాసేపు కూర్చున్నాను. నేను పనిచేసిన ఒక ప్లాంట్‌లో ఒక రాత్రి ట్యాంకు నిండి పొర్లబోతోందని అలారం మోగింది. రూలు ప్రకారం మొత్తం ట్రిప్ చెయ్యాలి, అంటే ఒక్కసారిగా ఆపెయ్యాలి. బోర్డు మీదున్న ఆపరేటర్ పక్క గేజీ చూశాడు, పంపు తీసుకునే కరెంటు చూశాడు, రెండూ పొంతన కుదరలేదు. టార్చి ఇచ్చి ఒక కుర్రాణ్ణి పరిగెత్తించి నాలుగు నిమిషాలు ఆగాడు. సెన్సర్ కేబుల్ జాయింట్‌లో నీళ్ళు చేరాయి, అంతే. ఎంక్వైరీలో అడిగింది రెండే: ఎందుకు ట్రిప్ చెయ్యలేదు, లాగ్‌లో టైము ఎందుకు వెయ్యలేదు. మా షిఫ్టుల్లో మాత్రం అతను హీరో అయ్యాడు. ఏడాది తిరక్కుండా అదే బోర్డు మీద ఇంకొకతను, ఆ కథ తలకెక్కించుకున్నవాడే, అదే అలారం మోగితే "మళ్ళీ సెన్సరే" అని కూర్చున్నాడు. ఈసారి ట్యాంకు నిజంగానే పొర్లింది. నీళ్ళే కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

అందుకే పెట్రోవ్ కథని "యంత్రాన్ని నమ్మకు, మనసు మాట విను" అని చెప్పేవాళ్ళంటే నాకు చిరాకు. అణుదాడి అలారాల్లో ఇప్పటిదాకా నిజమైన దాడి ఒక్కటీ రాలేదు, కాబట్టి అనుమానించిన ప్రతివాడూ ఒప్పే అయ్యాడు. పైవాటిలో పనిచేసింది ధైర్యం కంటే రెండో గేజీ, కాసిన్ని నిమిషాలు. థూలేలో కృశ్చేవ్ ఎక్కడున్నాడన్నది రెండో గేజీ. నోరాడ్‌లో రాడార్ కేంద్రానికి చేసిన ఫోన్, పెట్రోవ్‌కి నేల రాడార్, అర్ఖిపోవ్‌కి ఇరుక్కున్న లైటు ఇచ్చిన ఆ కాస్త సేపు. 1995 జనవరి 25న నార్వే ధ్రువ కాంతుల పరిశోధనకి వదిలిన రాకెట్‌ని చూసి రష్యాలో అధ్యక్షుడు ఎల్త్సిన్ ముందు అణుదాడికి ఆదేశమిచ్చే బ్రీఫ్‌కేస్ తెరిచినప్పుడు కూడా, అది తమ వైపు రావడం లేదని రాడార్లో తేలేదాకా ఆగడమే కాపాడింది. నార్వే ముందే కబురు పంపింది, ఆ కాగితం రాడార్ దగ్గర కూర్చున్నవాళ్ళకి చేరలేదు. 1962లో సబ్‌మెరైన్ కెప్టెన్లకి చేరనట్టే.

అణుయుద్ధం కాకుండా ఇంకేమైనా ఉన్నాయా అంటే, ఉన్నాయి. 1942లో అమెరికాలో అణుబాంబు తయారీ గురించి చర్చిస్తున్నప్పుడు భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టెల్లర్ ఒక అనుమానం లేవనెత్తాడు: ఆ వేడికి గాలిలోని నైట్రోజన్ అంటుకుని వాతావరణమంతా మండిపోతే? ఇంకో శాస్త్రవేత్త హాన్స్ బేతే లెక్కకట్టి జరగదన్నాడు. 1945 జులై 16న జరిగిన మొదటి అణుబాంబు పరీక్షకి ముందు శాస్త్రవేత్త ఫెర్మీ వాతావరణం అంటుకుంటుందా, అంటుకుంటే న్యూమెక్సికో ఒక్కటే పోతుందా ప్రపంచం మొత్తమా అని పందేలు కాయమని జోకులేశాడు. లెక్క కరెక్టే. అయితే ఆ బాంబు చేసిన ల్యాబ్ వాళ్ళే 1954 మార్చి 1న కాజిల్ బ్రావో అనే హైడ్రోజన్ బాంబు పరీక్షకి 6 మెగాటన్నులొస్తాయని లెక్కేస్తే 15 వచ్చాయి, బాంబు ఇంధనంలో ఉన్న లిథియం-7 ఊరికే ఉంటుందనుకున్నారు, అది కూడా మండింది. దూరంలో ఉన్న జపాన్ చేపల పడవలో 23 మంది మీద బూడిద కురిసింది. మొదటి లెక్క తప్పి రెండోది ఒప్పయి ఉంటే నేనిది రాసేవాణ్ణి కాదు.

ఓజోన్ సంగతి దీనికంటే నన్ను ఎక్కువ వెంటాడుతుంది, ఎందుకంటే అక్కడ అలారమే లేదు. ఫ్రిజ్‌లలో చల్లబరచడం కోసం క్లోరిన్ ఉన్న సీఎఫ్‌సీలు (క్లోరోఫ్లోరోకార్బన్లు) ఎంచుకున్నారు. ఓజోన్‌ని తినెయ్యడంలో బ్రోమిన్ పరమాణువు క్లోరిన్ కంటే దాదాపు వంద రెట్లు బలమైంది. పరిశ్రమ బ్రోమిన్ దారి పట్టి ఉంటే, ఎవరికీ విషయం అర్థమయ్యేలోపే, 1970ల నాటికే, ఓజోన్ రంధ్రం అంటార్కిటికాకి పరిమితం కాకుండా అన్ని చోట్లా, అన్ని రుతువుల్లో వచ్చేదని పాల్ క్రుట్జెన్ 1995లో నోబెల్ ఉపన్యాసంలో చెప్పాడు. మొలీనా, రోలాండ్ ఈ రసాయనం సంగతి బయటపెట్టింది 1974లో. రంధ్రం కనపడింది 1985లో. క్లోరిన్‌ని ఎంచుకున్నప్పుడు ఎవరి మనసులోనూ ఓజోన్ లేదు.

ఇప్పుడూ జరగొచ్చా అన్నారు. 2022 మార్చి 9న భారత్ నుంచి ఒక క్షిపణి పొరపాటున దూసుకెళ్ళి పాకిస్తాన్‌లోని మియాన్ చన్నూ దగ్గర పడింది. వార్‌హెడ్ లేదు, ఎవరూ చనిపోలేదు, ముగ్గురు వైమానిక దళ అధికారులని ఉద్యోగంలోంచి తీసేశారు. రెండు అణు దేశాలు. అవతలివాళ్ళు ఆరోజు దాన్ని యుద్ధం మొదలైనట్టు అనుకోలేదు.

ఇంకోటి 2018 జనవరి 13, హవాయి. క్షిపణి వస్తోంది, ఇది డ్రిల్ కాదు అని పొద్దున్నే అందరి ఫోన్లకీ మెసేజ్. డ్రిల్ కోసం వినిపించిన రికార్డింగ్‌లోనే "ఇది డ్రిల్ కాదు" అన్న మాట ఉంది, దాన్ని నిజం అనుకుని ఒక ఉద్యోగి నొక్కేశాడు. జనం పిల్లల్ని మ్యాన్‌హోళ్ళలోకి దించారు. తప్పు అని తెలియడానికి కొన్ని నిమిషాలే పట్టింది, ఫోన్లకి ఆ సంగతి చెప్పడానికి 38 నిమిషాలు పట్టింది. అలారం పంపడానికి మెసేజ్ రెడీగా ఉంది, అది తప్పు అని చెప్పే మెసేజ్ ఎవరూ తయారుచేసి పెట్టుకోలేదు. కనీసం గవర్నర్ ట్విట్టర్‌లో చెబుదామంటే ఆయనకి లాగిన్ వివరాలు గుర్తు లేవు.